రోజూ ఆఫీసుకి ఫోర్‌బైఫోర్, లీటరుకు 8 కిలోమీటర్లు: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

కోట_కింద_కుర్రోడు
చంద్రగిరిలో ఇల్లు, రేణిగుంటలో ఉద్యోగం. పోను రాను 50 కిలోమీటర్లు. బండి 2021 మోడల్ ఫోర్‌బైఫోర్, అంటే అవసరమైతే నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి పోయే రకం, రెండు లీటర్ల టర్బో పెట్రోలు, ఆటోమేటిక్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చంతా అటు మళ్ళుతుంది. దామలచెరువు దాటాక మాకు మామిడి తోట ఉంది. వానలు పడితే వంక (వాగు) దిగి ఎక్కితే గానీ తోట చేరలేం. ఈ బండి కొన్నది అందుకే.

మీటర్‌లో లీటరుకు 8 చూపిస్తోంది. ఊళ్ళో ట్రాఫిక్ ఎక్కువున్న రోజు 7. పెట్రోలేమో 110 దగ్గరుంది. నెలాఖరుకి జీతంలో పెద్ద ముక్క బంకుకే పోతోంది. నాయన అమ్మేసి చిన్న కారు తీసుకోమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

ఇలాంటి బండికి 8 మామూలేనా, లేక ఏదైనా తేడా ఉందా? రోజూ నడిపేవాళ్ళు ఖర్చు ఎట్లా తట్టుకుంటున్నారు?

నగరి_నుంచి
నా డీజిల్‌కి హైవేలో 13 వస్తుంది. పెట్రోలు, అందులోనూ ఆటోమేటిక్, అందులోనూ టర్బో. 8 వస్తే సంతోషించాలి అన్నా.

మొగిలి_ఘాట్
సంతోషించేంత లేదు. మా తమ్ముడిది కూడా పెట్రోలు ఆటోమేటిక్కే. బంగారుపాళ్యం నుంచి చిత్తూరు రోజూ తిరుగుతాడు, 10కి తగ్గదు. హైవే కాబట్టి అంత వస్తోందేమో, ఒప్పుకుంటా. మీరు ఊళ్ళోంచి పోతున్నారా, బైపాస్ మీదనా? ముందు అది చెప్పండి.

కోట_కింద_కుర్రోడు
ఊళ్ళోంచే. పిల్లని స్కూల్లో దించి లీలామహల్ సర్కిల్ మీదుగా కరకంబాడి రోడ్డు పట్టుకుంటా.

శేషాచలం_డ్రైవర్
అక్కడే పోతోంది తమ్ముడూ సగం పెట్రోలు. టన్నున్నర దాటిన బండి సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదిలిన ప్రతిసారీ ఆ బరువునంతా మొదటి నుంచీ లాగాలి. ఏసీ వేసుకుని నిలబడితే రెండు లీటర్ల ఇంజన్ గంటకి లీటరు పైన తాగుతుంది, ఒక్క అడుగు ముందుకి పోకుండా. సాయంత్రం పూట బస్టాండు చుట్టుపక్కల నిలబడిన టైమంతా కలిపి చూడు.

నేను తిరుమల కొండకి టాక్సీ నడుపుతా. ఏ బండి ఎక్కడ తాగుతుందో ఒళ్ళంతా తెలుసు. వచ్చేటప్పుడైనా రేణిగుంట నుంచి తిరుచానూరు, తనపల్లి క్రాస్ మీదుగా బైపాస్ పట్టుకో. దూరం కొంచెం పెరుగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. ఒక ట్యాంకు అట్లా తిరిగి చూసి మాట్లాడు.

టైరు_మామ
మీటర్ చూపించే అంకెతో ఏమీ తేలదు. బంకులో ఆటోకట్ దాకా, అంటే ట్యాంకు నిండి పంపు దానంతటదే ఆగేదాకా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ట్యాంకులో ముప్పావు వంతు ఖర్చయ్యేదాకా తిరిగి, అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్ళీ ఆటోకట్ దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ. ఆటోకట్ పడ్డాక "ఇంకో యాభైకి రౌండ్ చేస్తా సార్" అంటే వద్దనండి, లెక్క చెడుతుంది.

ఇంకో మాట. టైర్లు కంపెనీవేనా, మార్చారా?

కోట_కింద_కుర్రోడు
పోయినేడు మార్చినా. ఒక సైజు పెద్దవి, ఆల్ టెరైన్ (తారు మీద, మట్టిలో రెండింటికీ పనికొచ్చేవి). పైన క్యారియర్ కూడా ఉంది, తోటకి క్రేట్లు తీసుకుపోవడానికి.

టైరు_మామ
మరి ముందే చెప్పొద్దా మామా!

పెద్ద టైరు వేస్తే మీటర్ తక్కువ దూరం చూపిస్తుంది. జిమ్నీ లెక్క చెబుతా, అది నాకు కంఠతా వచ్చు. కంపెనీ టైరు 195/80 ఆర్15, ఎత్తు 693 మిల్లీమీటర్లు. చాలామంది వేసే 235/75 ఆర్15 ఎత్తు 733 పైన. దాదాపు 6 శాతం తేడా. అంటే మీటర్ 100 చూపించేటప్పటికి బండి నిజంగా 106 తిరిగి ఉంటుంది. మైలేజీ కొంత అక్కడే కనపడకుండా పోతుంది. స్పీడు కూడా మీటర్ చూపించే దానికన్నా ఎక్కువే పోతుంటారు, కెమెరాల దగ్గర జాగ్రత్త.

అట్లాగని టైరు ఖర్చు లేదనడం లేదు. ఆల్ టెరైన్ టైరు బరువు, గుబ్బలు పెద్దవి, తారు మీద దొర్లడానికి ఇంజన్ ఎక్కువ కష్టపడాలి. దానికి తోడు గాలి తక్కువుంటే ఇక చెప్పక్కర్లేదు. తోటలో బురద కోసం గాలి దించి, అట్లాగే సోమవారం ఆఫీసుకి పోయేవాళ్ళని రోజూ చూస్తుంటా. డ్రైవర్ డోర్ పక్కన గాలి ఎంతుండాలో రాసిన స్టిక్కర్ ఉంటుంది. పొద్దున్నే బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, అంతే పట్టించండి.

అలైన్‌మెంట్‌కి మిషను దాకా పోనక్కర్లేదు, ముందు చేత్తో చూడండి. ముందు టైరు మీద అరచేయి పెట్టి లోపలి వైపు నుంచి బయటికి నిమరండి, తర్వాత బయట నుంచి లోపలికి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా గీసుకుంటే చక్రం రోడ్డు మీద పక్కకి ఈడ్చుకుంటూ పోతోందన్నమాట. పెట్రోలు, టైరు రెండూ పోతాయి.

స్వర్ణముఖి
క్యారియర్ తీసి ఇంట్లో పెట్టండి అన్నా. శనివారం తోటకి పోయేటప్పుడు బిగించుకోవచ్చు.

లెక్కల_టీచరమ్మ
క్యారియర్ గురించి స్వర్ణముఖి చెప్పింది చిన్న విషయం కాదు. గాలి అడ్డుపడే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80లో పోయేవారు 100కి పెంచితే ఆ బలం ఒకటింబావు రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లు దాటుతుంది (1.25 × 1.25 = 1.56). ఈ బండ్ల ముందుభాగం నిటారుగా ఉంటుంది, అద్దం కూడా నిటారే. మామూలు కారుకన్నా ఇవి హైవే స్పీడులో ఎక్కువ నష్టపోయేది అందుకే. బైపాస్ ఎక్కి 110లో పోతే శేషాచలం గారి సలహా వల్ల వచ్చే లాభమంతా గాలికే పోతుంది. 75-80లో పోవాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆఫీసుకి, తోటకి కలిపి నెలకి 1,500 కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోలు 110.
లీటరుకు 8 వస్తే 187.5 లీటర్లు, 20,625 రూపాయలు.
10 వస్తే 150 లీటర్లు, 16,500 రూపాయలు.
అంటే 8 నుంచి 10కి పెరిగితే నెలకి నాలుగు వేల పైన మిగులుతుంది. అదే 14 ఇచ్చే కారు 16 ఇస్తే మిగిలేది 1,500 లోపే. రెండు చోట్లా పెరిగింది లీటరుకి 2 కిలోమీటర్లే. ఎక్కువ తాగే బండిలో చిన్న మెరుగుదలకి కూడా పెద్ద డబ్బు మిగులుతుంది. కాబట్టి "ఈ బండికి ఎట్లాగూ అంతే" అని వదిలేయకండి.

దామలచెరువు_మండీ
8 ఇస్తే కిలోమీటరుకు 13 రూపాయల 75 పైసలు. 2025 సీజన్‌లో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, కలిపి కిలోకి 12 అని ప్రకటించారు. కిలో కాయ అమ్మినా కిలోమీటరు గడవదు సామీ.

నగరి_నుంచి
😀 దీనికన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

పాత_జిప్సీ
అందరూ పెట్రోలు ఒక్కటే చూస్తున్నారు. రోజూ నడిపితే మిగతా ఖర్చులూ రోజూ నడుస్తాయి.

ఆల్ టెరైన్ టైర్లు నాలుగూ కలిపి 45-50 వేలు, 50 వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు రూపాయి. తారు మీదే తిప్పితే గుబ్బలు ఇంకా తొందరగా అరుగుతాయి. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సైజుని బట్టి ఉంటుంది. 1000 నుంచి 1500 సీసీ లోపు ఏడాదికి 3,416, 1500 దాటితే 7,897. రెండు లీటర్ల వాళ్ళు రెట్టింపుకన్నా ఎక్కువ కడతారు. ఓన్ డ్యామేజీ (మన బండికి జరిగే నష్టానికి) వేరే. సర్వీసులో ఇంజన్ ఆయిలే కాదు, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే శక్తిని రెండు ఇరుసులకీ పంచే గేర్ల పెట్టె, వీటన్నిటికీ ఆయిల్ ఉంది. వంకలో నీళ్ళు ఇరుసు పైకి వచ్చిన ప్రతి సీజన్ తర్వాత ఆ ఆయిల్ చూడాలి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు దూరినట్టే.

ఇవన్నీ కలిపితే మీ బండికి కిలోమీటరుకి 17 దాకా పడుతుంది. నేను ఇష్టంతో నడిపేవాణ్ణే, అమ్మమని చెప్పను. లెక్క మాత్రం పూర్తిగా చూసుకోవాలి.

మొగిలి_ఘాట్
అన్నా, ఎప్పుడూ టూ హైలోనే (వెనక చక్రాలు మాత్రమే లాగేది) ఉంటుందా? ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగేది) వదిలేసి తిరిగేవాళ్ళు ఉన్నారు, గ్రిప్ బాగుంటుందని.

కోట_కింద_కుర్రోడు
వంక దగ్గర మాత్రమే మారుస్తా. మిగతా అంతా టూ హై.

పాత_జిప్సీ
అట్లానే ఉండాలి. ఈ పార్ట్ టైమ్ బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి. ఎండిన తారు మీద ఫోర్ హై వేస్తే ఆ తేడా పోవడానికి దారి లేక గేర్లు బిగుసుకుంటాయి. పెట్రోలు సంగతి తర్వాత, ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది.

తిరుత్తణి_రోడ్డు
పెట్రోలు తమిళనాడులో కొట్టించండి. బార్డర్ దాటితే లీటరుకు ఎనిమిది రూపాయల దాకా తక్కువ. మన దగ్గర 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, పైన రోడ్డు సెస్సు 1 రూపాయి. చిత్తూరు వాళ్ళు వేలూరు వైపు పోయి కొట్టించుకుని వస్తారు.

లెక్కల_టీచరమ్మ
చిత్తూరు నుంచి ఎట్లాగూ వేలూరు ఆసుపత్రికో పనికో పోయేవారికి సరే. తిరుపతి నుంచి తిరుత్తణి 65 కిలోమీటర్ల పైన, పోను రాను 130. లీటరుకి 10 వచ్చినా 13 లీటర్లు కావాలి, దగ్గర దగ్గర 1,400 రూపాయలు. 50 లీటర్లు కొట్టిస్తే మిగిలేది 400. వెయ్యి రూపాయలు చేతి నుంచి పెట్టుకోవడమే.

తిరుత్తణి_రోడ్డు
నేను సుబ్రహ్మణ్య స్వామి దర్శనం కూడా కలిపి చెప్పినా మేడం. దానికి వెల కట్టకండి.

రేణిగుంట_రైలు
ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే మామూలు లెక్క ప్రకారమే 6-7 శాతం తగ్గాలి. ఇంజన్ ట్యూనింగ్ బట్టి కొందరికి అంతకన్నా తక్కువ తేడా. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లు ఈ20కి తట్టుకునే సామగ్రితో వస్తున్నాయి. మీది 2021. మాన్యువల్‌లో ఏం రాసుందో చూడండి. 8.6 వచ్చేది 8కి దిగడానికి ఇదొక్కటి చాలు.

నగరి_నుంచి
అందుకే డీజిల్ తీసుకోమనేది. ఇథనాల్ గొడవ లేదు, రేటూ తక్కువ, 97 చిల్లర.

శేషాచలం_డ్రైవర్
ఊళ్ళో పది పదిహేను కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి బీఎస్6 డీజిల్ పెద్ద టెన్షన్. డీపీఎఫ్ అని ఉంటుంది, పొగలో మసి పట్టే డబ్బా. ఆ మసి కాలిపోవాలంటే బండి ఒక ఇరవై నిమిషాలు హైవేలో ఏకధాటిగా, ఇంజన్ వేడి మీద పోవాలి. రోజూ ఆగుతూ పోతూ ఉంటే డబ్బా నిండి లైటు వెలుగుతుంది. నగరి నుంచి తిరుపతికి హైవేలో వచ్చే మీకు ఆ బాధ తెలియదు.

నగరి_నుంచి
అది నిజమే. ఇతనిది 25 కిలోమీటర్లు కదా, బైపాస్‌లో పోతే కాలిపోతుంది. మార్చుకోమని కాదు, కొత్తగా కొనేవాళ్ళకి చెబుతున్నా.

విరామం_వైపు
బాధపడకండి గానీ ఒక మాట. తిరుపతిలో ఇప్పుడు ప్రతి వీధిలో ఒక ఫోర్‌బైఫోర్ ఉంది. తొంభై శాతం మంది ఫోర్ లో గేరు (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) ఒక్కసారి కూడా వేసి ఉండరు. షోకు కోసం కొని, మైలేజీ రాలేదని ఏడవడం ఎందుకు? పార్కింగు స్థలం కూడా మింగేస్తున్నాయి.

స్వర్ణముఖి
ఎవరు ఎందుకు కొన్నారో మీకెట్లా తెలుసు? 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు మా ఊరికి రోడ్డే లేదు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. మా అవ్వకి నడవడం రాదు. మా పక్కింటాయన పాత జీపు ఫోర్ లోలో పెట్టి మోకాలి లోతు బురదలో మెల్లగా, ఆగకుండా వచ్చి, అవ్వని, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళని ఎక్కించుకుని పోయినాడు. ట్రాక్టరు కూడా దిగబడిన చోట అది పోయింది. ఆ జీపు లీటరుకి ఎంత ఇస్తుందని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఇతను వంక దాటాలని మొదటి పోస్టులోనే రాసినాడు. చదివి మాట్లాడండి.

విరామం_వైపు
సరే అక్కా, ఇతని గురించి కాదు నేనన్నది. ఊళ్ళో తిరిగేవాళ్ళ గురించి. వాళ్ళ విషయంలో నా మాట మారదు.

పాత_జిప్సీ
మోకాలి లోతు బురదలో ఆగకుండా పోవడం, అదీ డ్రైవింగు అంటే. ఆయనకి నా నమస్కారం చెప్పండి.

అలిపిరి_మెట్లు
చిన్న సందేహం. నాది జిమ్నీ. కంపెనీ చెప్పింది మాన్యువల్‌కి 16.94. ఊళ్ళో 12 వస్తుంది. కొండకి పోతే ఘోరంగా పడిపోతుంది, ఒక్కోసారి 6 చూపిస్తుంది. ఇంజన్ బాగానే ఉన్నట్టేనా? దిగేటప్పుడు న్యూట్రల్‌లో వస్తే మిగులుతుందని ఒకాయన చెప్పినాడు.

శేషాచలం_డ్రైవర్
న్యూట్రల్ మాట చెప్పినాయనకి ఇంకెప్పుడూ తాళం ఇవ్వొద్దు! ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే బండి బరువంతా బ్రేకుల మీదే. నాలుగు మలుపులకే వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత తొక్కినా పట్టదు. దిగేటప్పుడు రెండో గేరు, మరీ వాలు లేని చోట మూడో గేరు. ఎట్లాగూ దిగడానికి 40 నిమిషాలు పట్టాలని రూలు ఉంది, ముందొస్తే ఆపుతారు. తొందర దేనికి?

పైగా న్యూట్రల్‌లో పెట్రోలు మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండాలంటే పెట్రోలు పోస్తూనే ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

లెక్కల_టీచరమ్మ
ఎక్కేటప్పుడు 6 రావడంలో వింత లేదు. మనుషులతో కలిపి జిమ్నీ ఒకటిన్నర టన్ను అనుకుంటే, దాన్ని 700 మీటర్ల ఎత్తుకి లేపడానికే దాదాపు 10 మెగాజౌళ్ళు కావాలి. పెట్రోలు శక్తిలో పావు వంతే చక్రాలకి చేరుతుందనుకుంటే 40 మెగాజౌళ్ళ పెట్రోలు, అంటే లీటరుంబావు. ఇది ఎత్తు ఖర్చు మాత్రమే, 18 కిలోమీటర్ల మామూలు ప్రయాణం ఖర్చు దీనికి కలపాలి. మొత్తం 2.75 లీటర్ల దగ్గర. ఇంజన్ బాగానే ఉంది, నిశ్చింతగా పోయి రండి.

అలిపిరి_మెట్లు
చాలా థాంక్స్ మేడం. మా పిల్లలకి ఇది చూపిస్తా.

రేణిగుంట_రైలు
కోట కుర్రోడికి నా సలహా వేరే. చంద్రగిరి నుంచి రేణిగుంటకి రైలు లైను ఉంది. పాకాల నుంచి వచ్చే బండ్లు చంద్రగిరి, తిరుపతి మీదుగానే పోతాయి. టైము కుదిరితే నెల పాసు తీసుకోండి. బండిని తోటకే ఉంచండి.

కోట_కింద_కుర్రోడు
షిఫ్టు టైముకి రైలు కుదరదు అన్నా, చూసినా. ఎలక్ట్రిక్ స్కూటర్ అనుకున్నా గానీ పిల్లని ఎక్కించుకుని లారీల మధ్యలో ఆ రోడ్డు మీద పోవడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు.

ఈలోగా టైరు మామ చెప్పినట్టు చేసినా. ముందు టైర్లలో గాలి స్టిక్కర్ మీద ఉన్నదానికన్నా బాగా తక్కువుంది. అలైన్‌మెంట్ చేయించినా, క్యారియర్ తీసేసినా. ఎయిర్ ఫిల్టర్ విప్పి నేల మీద తడితే తోట ఎర్రమట్టి దోసెడు రాలింది. కొత్తది వేయించినా. పొద్దున పిల్ల స్కూలు కాబట్టి ఊళ్ళోంచి తప్పదు, సాయంత్రం మాత్రం బైపాస్, 80 దాటకుండా. ఆటోకట్ నుంచి ఆటోకట్‌కి 9.8 వచ్చింది. టైరు తేడా కలుపుకుంటే 10 దాటుతుంది.

టైరు_మామ
ఎయిర్ ఫిల్టర్ అట్లా ఉందంటే సర్వీసులో మార్చామని బిల్లు వేసినవాళ్ళు నిజంగా మార్చారో లేదో చూసుకో మామా. ఇక ముందు పాత ఫిల్టర్ చేతికి ఇమ్మని అడుగు.

లెక్కల_టీచరమ్మ
9.8 అంటే నెలకి 153 లీటర్లు. మీకు 3,800 దాకా మిగిలింది. అయినా పెట్రోలే 16,800, మిగతావి కలిపితే 22 వేల దగ్గర. జీతానికి ఇది సరిపోతుందా అన్నది మీ ఇంటి విషయం. బండిలో మిగతా సీట్లు ఖాళీగా పోతున్నాయా?

కోట_కింద_కుర్రోడు
మా ఆఫీసులోనే ఇద్దరు చంద్రగిరి వాళ్ళున్నారు మేడం, బస్సులో వస్తారు. వాళ్ళతో మాట్లాడినా. వచ్చే నెల నుంచి ముగ్గురం ఒకే బండిలో, పెట్రోలు ముగ్గురికీ సమానం. నాయనకి చెప్పినా, "అట్లయితే ఉంచు" అన్నాడు. వానలకి ముందు ఇరుసు ఆయిల్ కూడా చూపిస్తా.

పాత_జిప్సీ
మంచి పని. ఆయిల్ మార్చేటప్పుడు ఇరుసుల్లోకి గాలి ఆడే బ్రీదర్ పైపులు కూడా చూపించండి. మట్టి పట్టి మూసుకుపోతే వంకలో చల్లటి నీళ్ళు తగలగానే ఇరుసు సీళ్ళ గుండా నీళ్ళని లోపలికి లాగేస్తుంది.

మొగిలి_ఘాట్
తోటకి పోయేటప్పుడు గాదంకి టోల్ దాటాలి కదా అన్నా. 2025 ఆగస్టు నుంచి ఫాస్టాగ్ ఏడాది పాసు వచ్చింది. వచ్చినప్పుడు 3,000కి 200 సార్లు, సారికి 15 రూపాయలే పడింది. సొంత బండ్లకి మాత్రమే. చిత్తూరు వైపు ఎక్కువ తిరిగేవాళ్ళు తీసుకోండి.

విరామం_వైపు
ముగ్గురు ఎక్కితే నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా. రెండు కార్లు రోడ్డు మీదికి రాకుండా ఆగినట్టే.

స్వర్ణముఖి
వాళ్ళు బస్సులో వచ్చేవాళ్ళని చెప్పినాడు కదయ్యా! మళ్ళీ చదవకుండా రాసినావు.